స్వస్థత ప్రార్థనకీ భూస్థాపనకీ మధ్య

హైదరాబాద్‌లో ఒక క్రైస్తవ కుటుంబంలో ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే పాస్టర్ గారికి ఫోన్ వెళ్లడానికి ఎంతోసేపు పట్టదు. ఆ వెంటనే సంఘం కదులుతుంది. ఉపవాస ప్రార్థనలు పెడతారు, వాట్సాప్ గ్రూపులో ప్రార్థన అంశం తిరుగుతుంది, ఎవరో ఒకరు ప్రార్థన చేసిన నూనె సీసా తెచ్చిస్తారు. మనిషి పోయాక కూడా అంతే. పెట్టె, బండి, సమాధి స్థలం, భూస్థాపన, ఆదరణ కూడిక, అన్నీ సంఘమే దగ్గరుండి చూసుకుంటుంది. ఈ రెండింటికీ మధ్య ఒక కాలం ఉంటుంది. డాక్టర్లు "ఇక ఇంటికి తీసుకెళ్లండి" అన్న రోజు మొదలై ఆఖరి శ్వాస దాకా సాగే కాలం. కొందరికి రెండు వారాలు, కొందరికి ఏడాది. ఆ రోజుల్లో కాపరి ఏం చేయాలన్నది చాలా సంఘాల్లో తేలలేదు. బాగవ్వాలని ప్రార్థించాలా, ప్రశాంతంగా పోవాలని ప్రార్థించాలా? రోగికి నిజం చెప్పాలా? మార్ఫిన్ పాపమా? వెంటిలేటర్ తీయమనడం హత్యా? మంచం పక్కన ఆస్తి మాట ఎత్తొచ్చా?

నా అభిప్రాయం ముందే చెప్తాను. ఈ కాలాన్ని మన సంఘాలు దాదాపు ఖాళీగా వదిలేస్తున్నాయి. ప్రేమ లేక కాదు. చావు గురించి మాట్లాడితే విశ్వాసం తగ్గినట్టేనన్న భయం వల్ల. ఆ భయానికి బైబిల్లో ఆధారం లేదని చూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం. మిగతా చిక్కుముళ్లలో చాలావరకు ఆ భయం నుంచి పుట్టినవే.

హిజ్కియాకు వచ్చిన రెండు మాటలు

స్వస్థత కూటాల్లో తరచుగా వినబడే కథ హిజ్కియా రాజుది. జబ్బు చేసి మంచాన పడ్డాడు, గోడ వైపు తిరిగి కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు పొడిగించాడు. నిజమే. కానీ ఆ కథ అక్కడ మొదలవదు. యెషయా ప్రవక్త మొదట తెచ్చిన మాట వేరు: "నీవు మరణమవుచున్నావు, బ్రదుకవు గనుక నీవు నీ యిల్లు చక్కబెట్టుకొనుము." పదిహేనేళ్ల కబురు తెచ్చింది కూడా అదే ప్రవక్త. ఇల్లు చక్కబెట్టుకోమని చెప్పినందుకు యెషయాకు విశ్వాసం లేదని ఎవరూ అనలేదు. ఆ మాట విన్న తర్వాత కూడా హిజ్కియా బతకాలనే ప్రార్థించాడు, అందుకు దేవుడు కోపగించుకోలేదు. పైగా రెండో రాజుల గ్రంథంలో అదే సందర్భంలో అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వేశారని ఉంది. నిజం చెప్పడం, ఇల్లు చక్కబెట్టుకోవడం, ప్రార్థన, వైద్యం, ఈ నాలుగూ ఒకే మంచం దగ్గర ఒకదానికొకటి అడ్డు రాకుండా ఉన్నాయి.

స్వస్థతను నమ్మేవాళ్లంతా ఎలీషా సంగతి కూడా చదవాలి. చచ్చిపోయిన పిల్లవాణ్ణి లేపిన ప్రవక్త అతను. అతను కూడా జబ్బు చేసే చనిపోయాడు. పౌలు చేతిమీదుగా ఎన్నో అద్భుతాలు జరిగాయి. అయినా తన సహచరుడు త్రోఫిము జబ్బుపడితే మిలేతులో వదిలి రావాల్సి వచ్చిందని ఆయనే రాశాడు. తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును" అని.

ఇంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. మన గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోను ప్రార్థనా మందిరం ఉంది. అక్కడి నుంచి దేశమంతా సంఘాలు పుట్టడానికి కారకుడైన భక్త సింగ్ గారు చివరి ఏళ్లు పార్కిన్సన్స్ వ్యాధితో మంచం పట్టారు. 2000 సెప్టెంబర్ 17న ఈ నగరంలోనే కన్నుమూశారు. ఆయనకు విశ్వాసం చాల్లేదని అనగలిగిన మనిషి హైదరాబాద్‌లో ఉన్నాడా? మరి బోరబండలోనో మౌలాలీలోనో ఒక ఆటో డ్రైవర్ భార్య రొమ్ము క్యాన్సర్ ముదిరి పడుకుంటే ఆ మాట ఎందుకంత సులువుగా వస్తోంది? "ఇంట్లో ఏదో ఆటంకం ఉంది", "ఒప్పుకోని పాపం ఏదో ఉంది", "మందులు మానేస్తేనే విశ్వాసం". ఈ మాటలు చెప్పేవాళ్లు వెళ్లిపోతారు. ఆ మాటలు మాత్రం రోగి తలగడ దగ్గరే ఉండిపోతాయి. నొప్పితో పాటు నేరం కూడా మోయాల్సి వస్తుంది. పుట్టుగుడ్డివాడి గురించి శిష్యులు ఇదే అడిగితే యేసు "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అన్నాడు. యోబు స్నేహితులు కూడా ఇదే వాదన పెట్టారు. చివర్లో దేవుడు కోపగించుకున్నది యోబు మీద కాదు, వాళ్ల మీద. ఆ స్నేహితులు మొదటి ఏడు రోజులు మాత్రం సరిగ్గా చేశారు. అతని బాధ చూసి ఒక్క మాట కూడా మాట్లాడకుండా నేల మీద పక్కనే కూర్చున్నారు.

మరి ఎలా ప్రార్థించాలి? స్వస్థత అడగడం మానేయమని నేను అనడం లేదు. యాకోబు పత్రిక ఐదో అధ్యాయం అడగమనే చెప్తోంది. అయితే అక్కడున్న క్రమం గమనించాలి. రోగి "సంఘపు పెద్దలను పిలిపింపవలెను". అంటే తనను ఎరిగిన సొంత సంఘం పెద్దలే మంచం దగ్గరికి రావాలి. రోగిని స్ట్రెచర్ మీద ఎక్కడో గ్రౌండ్‌లో జరిగే కూటానికి మోసుకెళ్లడం, గుంపులో నాలుగు గంటలు కూర్చోబెట్టడం ఆ వచనంలో లేదు. ఇక ప్రార్థనలో స్వస్థతతో పాటు ఈ రోజుకు కావలసినవి కూడా అడగొచ్చు. ఈ రాత్రి నిద్ర పట్టాలని, వాంతులు తగ్గాలని, దుబాయ్‌లో ఉన్న కొడుక్కి టికెట్ దొరకాలని, భయం పోవాలని. రోగి నోట "ప్రభువు దగ్గరికి వెళ్లిపోవాలనుంది అయ్యగారూ" అన్న మాట వస్తే, "అలా అనకూడదమ్మా, నువ్వు లేచి సాక్ష్యం చెప్తావు" అని ఆ మాటను కొట్టేయకుండా, దానికే ఆమేన్ చెప్పగలగాలి. "సమాధానముతో నీ దాసుని పోనిచ్చుచున్నావు" అన్న ముసలి సుమెయోను ప్రార్థన కూడా ప్రార్థనే.

"నాన్నకి మాత్రం చెప్పకండి"

పాస్టర్లు గుమ్మం దగ్గరే వినే మాట ఇది. కూతురు పక్కకు పిలిచి, "అయ్యగారూ, నాన్నకి అల్సర్ అనే చెప్పాం. మీరూ అదే అనండి. తెలిస్తే తట్టుకోలేరు" అంటుంది. ఆ అమ్మాయిని తప్పుపట్టలేం. తండ్రిని కాపాడుకోవడానికి తనకు తెలిసిన దారి అదే.

కానీ తండ్రికి తెలుసు. రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆస్పత్రికి నాలుగైదుసార్లు వెళ్లొచ్చిన మనిషికి అది క్యాన్సర్ ఆస్పత్రి అని తెలియదా? జుట్టు రాలింది, బట్టలు వదులయ్యాయి, మేనత్తలు ఊళ్ల నుంచి చూడ్డానికి వస్తున్నారు. ఆయన కూతురి కోసం తెలియనట్టు ఉంటాడు, కూతురు ఆయన కోసం నవ్వుతుంది. చెప్పుకోవాల్సిన మాటలన్నీ ఇద్దరి మధ్యా ఇరుక్కుపోతాయి. ఎవరిని క్షమించమని అడగాలి, ఎవరికి ఎంత బాకీ ఉంది, చిన్నవాడి చదువు ఎలా, తనను ఎక్కడ పెట్టాలి, ఇవేవీ బయటికి రావు.

పాస్టర్ ఇక్కడ ఏం చేయాలి? రోగ నిర్ధారణ చెప్పడం డాక్టర్ పని, దాంట్లో వేలు పెట్టకూడదు. అలాగని అబద్ధం ఆడే పని కూడా ఒప్పుకోకూడదు. కూతురితో నెమ్మదిగా ఇలా అనొచ్చు: "నేనుగా ఏమీ చెప్పనమ్మా. కానీ నాన్న సూటిగా నన్ను అడిగితే అబద్ధం చెప్పలేను." తర్వాత రోగితో ఇద్దరే ఉన్నప్పుడు అడగాల్సినవి రెండు ప్రశ్నలే. "డాక్టర్లు ఏమన్నారండీ?" "మీకేమనిపిస్తోంది?" అడిగి ఆగాలి. ఆ మౌనాన్ని వెంటనే వాక్యంతో నింపేయకూడదు. చాలామంది ఆ ఆగిన క్షణంలోనే మొదలుపెడతారు. ఆయన మాట్లాడాలనుకుంటున్నాడని తెలిశాక కుటుంబాన్ని ఒప్పించడం తేలిక. "నాన్నకి తెలుసమ్మా. మీ గురించే బెంగ పెట్టుకున్నాడు" అంటే ఆ ఇంట్లో గాలి మారుతుంది. కొందరు రోగులు నిజంగానే వినదలచుకోరు. అది వాళ్ల హక్కు, బలవంతంగా చెప్పడం కూడా క్రూరమే.

ఇంకో జాగ్రత్త ఉంది, ఇది నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. చివరి రోజుల్లో మనుషులు దాచుకున్నవి చెప్తారు. ఇంకో కుటుంబం ఉండొచ్చు, అన్నదమ్ముల పొలం విషయంలో చేసిన మోసం ఉండొచ్చు. కథోలిక సంఘంలో పాపసంకీర్తనంలో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, విన్నది గురువు ఎట్టి పరిస్థితిలోనూ బయటపెట్టకూడదు. మిగతా సంఘాల్లో అంత కట్టుదిట్టమైన నియమం లేదు కాబట్టి అది కొన్నిసార్లు సాయంత్రానికల్లా 'ప్రార్థన అంశం' అయిపోతుంది. రోగి ఫొటో, ఐసీయూ వైర్లతో సహా, గ్రూపులో పెట్టడం కూడా ఇలాంటిదే. ఆ మనిషి అనుమతి లేకుండా అది చేయకూడదు.

నొప్పి, మార్ఫిన్, వెంటిలేటర్

బాగుకాని రోగులను చివరి రోజుల్లో చూసుకునే ఆధునిక హాస్పిస్ సేవకు మూలపురుషులెవరని అడిగితే చెప్పాల్సిన పేరు సిసిలీ సాండర్స్. నర్సుగా మొదలై, ఆస్పత్రిలో సామాజిక కార్యకర్తగా చేసి, ఆ తర్వాత డాక్టర్ చదివిన క్రైస్తవ విశ్వాసి ఆవిడ. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టారు. గెత్సేమనే తోటలో యేసు శిష్యులను అడిగిన "నాతోకూడ మెలకువగా నుండుడి" అన్న మాటను ఆవిడ తన పనికి ఆధారంగా చెప్పుకునేవారు. చనిపోతున్న మనిషి నొప్పి శరీరానిది మాత్రమే కాదని ఆవిడ గట్టిగా చెప్పారు. శరీరం, మనసు, కుటుంబం, ఆత్మ, ఈ నాలుగు నొప్పులూ కలిసే ఉంటాయి. మన దగ్గర చూస్తే ఎముకల్లోకి పాకిన క్యాన్సర్ నొప్పి, రాత్రుళ్లు పట్టుకునే భయం, చిట్టీ వాయిదాలూ కూతురి పెళ్లీ తలుచుకుంటే వచ్చే టెన్షన్, "నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్న ప్రశ్న, ఒకే మనిషిలో ఒకే రాత్రి ఉంటాయి. ఒకదాన్ని పట్టించుకోకుండా ఇంకోదాన్ని తగ్గించలేం.

అందుకే మార్ఫిన్ గురించి పాస్టర్లకు తెలియాలి. అది 'మత్తుమందు' అని, అలవాటైపోతుందని, అది ఇస్తే చచ్చిపోతారని ఇళ్లలో భయం. సిలువ మీద యేసు బోళము కలిపిన ద్రాక్షారసం పుచ్చుకోలేదు కదా, మనం ఎందుకు పుచ్చుకోవాలి అని అడిగేవాళ్లూ ఉన్నారు. యేసు తన విషయంలో తీసుకున్న నిర్ణయాన్ని వేరొకరి మంచం మీద ఆజ్ఞగా పెట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. అదే బైబిల్లో సామెతల గ్రంథం 31వ అధ్యాయం "ప్రాణము పోవుచున్నవానికి మద్యము నియ్యుడి" అంటోంది. ఆ రోజుల్లో నొప్పి మందు అదే. పోప్ పన్నెండో పయస్ 1957లోనే, నొప్పి తగ్గించడమే ఉద్దేశమైతే, ఆ మందు వల్ల ఆయుష్షు కొంత తగ్గే అవకాశం ఉన్నా వాడొచ్చని డాక్టర్లకు స్పష్టం చేశారు. నిజానికి సరైన మోతాదులో, మెల్లగా పెంచుతూ ఇచ్చే నోటి మార్ఫిన్ మనిషిని చంపదు. మలబద్ధకం మాత్రం చేస్తుంది, దానికి మొదటి రోజు నుంచే మందు వాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సర్ నొప్పికి మెట్టుమెట్టుగా మందులు వాడే పద్ధతి చెప్పింది. తీవ్రమైన నొప్పికి అందులో మార్ఫినే ముఖ్యమైన మందు. మన దేశంలో 1985 నాటి మత్తుపదార్థాల చట్టం వల్ల ఆస్పత్రులకు అది దొరకడం కష్టమైపోయింది, 2014 సవరణతో ఆ చిక్కు కొంత సడలింది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జేలో పాలియేటివ్ విభాగం, అంటే నొప్పీ బాధా తగ్గించే వైద్య విభాగం, ఉంది. రోటరీ క్లబ్ ఆఫ్ బంజారాహిల్స్ చొరవతో 2011లో మొదలైన స్పర్శ్ హాస్పిస్ ఖాజాగూడలో ఉచితంగా సేవ చేస్తోంది. జిల్లా ఆస్పత్రుల్లో కూడా ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలు వచ్చాయి. తన సంఘ సభ్యుడు నొప్పితో అరుస్తుంటే పాస్టర్ చేయగలిగే అతి పెద్ద పరిచర్య ఆ రోజుకి అతన్ని ఇలాంటి చోటికి చేర్చడమే కావచ్చు. నొప్పి తగ్గాక మనిషి కీర్తన పాడతాడు, పిల్లలతో మాట్లాడతాడు. నొప్పి మధ్యలో ప్రార్థన కూడా చేయలేడు.

వెంటిలేటర్ ప్రశ్న ఇంకా కఠినం. ఇక్కడ రెండు వేరు వేరు సంగతులు కలిసిపోతున్నాయి. ప్రాణం తీయాలని ఇంజెక్షన్ ఇవ్వడం ఒకటి. అది మన దేశంలో నేరం, ప్రధాన క్రైస్తవ సంఘాలూ దాన్ని ఒప్పుకోవు. బాగుచేయలేని స్థితిలో చావును సాగదీస్తున్న యంత్రాన్ని వద్దనడం ఇంకోటి. ప్రయోజనం కన్నా భారం ఎక్కువైన వైద్యాన్ని మానుకోవడం చంపడం కాదని, చావును ఆపలేకపోవడాన్ని అంగీకరించడమని కథోలిక సంఘ బోధనే చెప్తోంది. చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు కామన్ కాజ్ కేసులో గౌరవంగా మరణించే హక్కును, ముందస్తు వైద్య ఆదేశాన్ని అంగీకరించింది. అందరూ లివింగ్ విల్ అంటున్నది దాన్నే. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. మొదట్లో మెజిస్ట్రేట్ సంతకం కావాల్సి వచ్చేది. ఇప్పుడు ఇద్దరు సాక్షులతో రాసి నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు ధ్రువీకరిస్తే చాలు. తన తరఫున నిర్ణయం చెప్పే మనిషి పేరు కూడా అందులో రాయొచ్చు. ఆస్పత్రిలో రెండు వైద్య బృందాలు పరిశీలించాకే అది అమలవుతుంది.

ఈ సంగతి ఐసీయూ బయట కుర్చీల్లో చర్చించే పరిస్థితి రాకూడదు. అక్కడ రోజుకు బిల్లు పెరుగుతూ ఉంటుంది, అన్నదమ్ముల్లో ఒకడు "ఇంకా చూద్దాం" అంటాడు, ఇంకొకడు అప్పు ఎక్కడ తేవాలో తెలియక తల వంచుకుంటాడు. పాస్టర్ వస్తే "మీరు చెప్పండి అయ్యగారూ, దేవుని చిత్తం ఏంటి?" అని ఆయన మీద పెడతారు. ఆయన చేయగలిగింది వైద్యపరమైన తీర్పు ఇవ్వడం కాదు. డాక్టర్‌తో కలిసి కూర్చుని, "ఈ యంత్రం వల్ల ఈమె కోలుకునే అవకాశం ఉందా, లేక ఇలాగే కొన్ని రోజులు ఉంచుతుందా?" అని కుటుంబం అడగలేని ప్రశ్న అడగడం. ఆ జవాబు విన్నాక, ఏ నిర్ణయం తీసుకున్నా అది ప్రేమతో తీసుకున్నదేనని, పాపం కాదని నోటితో చెప్పడం. ఆ మాట పాస్టర్ నోట వినాలి వాళ్లకి.

నూనె, రొట్టె, నీళ్లు

సంఘాన్ని బట్టి ఆచారం మారుతుంది కాబట్టి క్లుప్తంగా. కథోలికుల్లో మన పెద్దవాళ్లు 'అవస్థ అభ్యంగనం' అనే సంస్కారం, అంటే గురువు రోగికి నూనె పూసి ప్రార్థించడం, ప్రాణం పోయే ఘడియకే అని పేరుపడింది. అందుకే "ఫాదర్ గారు వస్తే అమ్మ భయపడుతుంది" అని పిలవడం ఆలస్యం చేస్తారు, తీరా స్పృహ పోయాక పిలుస్తారు. రెండో వాటికన్ మహాసభ 1963లోనే ఈ సంస్కారం చావు ఘడియలో ఉన్నవాళ్లకు మాత్రమే కాదని చెప్పింది, 1972లో ఆరో పాల్ పోప్ ఆ క్రమాన్ని మార్చి వ్యాధిగ్రస్తుల అభ్యంగనంగా స్థిరపరిచారు. జబ్బు తీవ్రమైన తొలి దశలోనే తీసుకోవచ్చు, పరిస్థితి మారితే మళ్లీ తీసుకోవచ్చు. మనిషి పోయాక మాత్రం ఇవ్వరు. చనిపోయేవారికి ప్రత్యేకించిన సంస్కారం నిజానికి చివరి దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే రొట్టె. మరణానికి చేరువైన వారికి దాన్ని నిరాకరించకూడదని క్రీ.శ. 325లోనే నికయ మహాసభ నిబంధన పెట్టింది. మింగలేని రోగికి చిన్న ముక్క చాలు.

సీఎస్ఐ, మెథడిస్ట్, బాప్టిస్ట్ సంఘాల్లో ఇంటికి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం, తీసుకురమ్మని అడగొచ్చు, చాలామందికి అలా అడగొచ్చనే తెలియదు. ముంచి బాప్తిస్మమిచ్చే సంఘాల్లో ఇంకో టెన్షన్ ఉంటుంది. ఇన్నాళ్లూ వాయిదా వేసిన తండ్రి ఇప్పుడు బాప్తిస్మం అడుగుతున్నాడు, ఆక్సిజన్ మీద ఉన్నాడు, నీళ్లలోకి ఎలా దించాలి? దించకూడదు. సిలువ మీద దొంగకు నీళ్లు దొరకలేదు, "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్న మాట దొరికింది. ఆ మాట చదివి ధైర్యం చెప్పడమే ఆ తండ్రికి చేయాల్సిన పని.

వార్డులో పక్క మంచం వాళ్లు కూడా ఉంటారు. గాంధీలోనో నిమ్స్‌లోనో "మా ఆయనకి కూడా ప్రేయర్ చేయండమ్మా" అని హిందూ, ముస్లిం కుటుంబాలు అడగడం మామూలే. అడిగితే చేయాలి, అడగకపోతే చేయకూడదు. లేవలేని మనిషి, వెళ్లిపొమ్మని చెప్పే ఓపిక లేని మనిషి మంచం పక్కన నిలబడి మతం మార్చాలని చూడటం సువార్త కాదు, బలహీనుడి మీద బలవంతం. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు.

ఇల్లు చక్కబెట్టుకోవడం అంటే

ఆస్తి మాట ఎత్తడం అశుభం అనుకుంటాం. యెషయా మాత్రం ఎత్తాడు. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకుండా భర్త చనిపోతే, పిల్లలున్నప్పుడు, భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా వెళ్తాయి. పెళ్లయిన కూతురికీ కొడుకుతో సమాన భాగం. కట్నం ఇచ్చేశాం కదా అన్న వాదన చట్టం ముందు నిలవదు. కాగితాల మీద ఒక మతం, ఆచరణలో ఇంకొక మతం ఉన్న కుటుంబాలు మన మధ్య చాలా ఉన్నాయి. వాళ్లు తప్పకుండా లాయర్‌ను కలవాలి.

వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సాక్షి సంతకం పెట్టిన మనిషికి అదే వీలునామాలో ఏదైనా రాస్తే ఆ భాగం చెల్లదు. అందుకని పాస్టర్ గారికి గానీ ఆయన భార్యకు గానీ ఏమైనా రాయాలనుకుంటే వాళ్లిద్దరూ సాక్షులుగా ఉండకూడదు. ఇంకా ముఖ్యం, చనిపోతున్న మనిషి దగ్గర సంఘానికి స్థలం రాయించుకోవడం. దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు మతపరమైన పనులకు ఆస్తి రాయాలంటే చావుకు కనీసం పన్నెండు నెలల ముందు రాసి ఉండాలని ఆ చట్టంలో 118వ సెక్షన్ ఉండేది. చివరి ఘడియలో గురువులు ఒత్తిడి పెడతారన్న అనుమానంతో పెట్టిన నిబంధన అది. క్రైస్తవుల మీద వివక్ష చూపుతోందని జాన్ వల్లమట్టం కేసులో 2003లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తీర్పు న్యాయమైనదే. చట్టం ఎత్తేసిన ఆ కంచెను పాస్టర్లు మనస్సాక్షితో తామే పెట్టుకోవాలని నా కోరిక. మంచం మీద ఉన్న మనిషి ఇస్తానన్నా, "మీ పిల్లలు, లాయర్ ఉన్నప్పుడు మాట్లాడదాం" అనాలి.

సమాధి స్థలం గురించి కూడా ముందే అడగాలి. నారాయణగూడ, భోయిగూడ లాంటి పాత సమాధుల తోటల్లో స్థలం ఇరుకైపోయింది. పాత మిషన్ సంఘాల సభ్యులకు ఏదో ఒక హక్కు ఉంటుంది. నిన్నమొన్న పుట్టిన స్వతంత్ర సంఘాల్లో చాలావాటికి సొంత తోటే లేదు. పెట్టె ఇంటి ముందు పెట్టుకుని స్థలం కోసం ఫోన్లు తిప్పే కుటుంబాల అవమానం చెప్పతరం కాదు. చందా బాకీ ఉందని ఆ పూట లెక్కలు తీసే కమిటీలూ ఉన్నాయి, అది ఏ సంఘమైనా సిగ్గుపడాల్సిన పని. భర్త హిందువు, భార్య క్రైస్తవురాలు అయిన ఇంట్లో దహనమా ఖననమా అన్నది ఆమె బతికుండగానే, ఆమె నోటితోనే, ఇరుపక్షాల ముందు తేలాలి. తర్వాత తేల్చాలని చూస్తే శవం దగ్గర గొడవ అవుతుంది.

మంచం పక్కన

నిలబడి ప్రార్థించి వెళ్లిపోయే కన్నా కూర్చోవాలి. పది నిమిషాలు చాలు, కానీ కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కోవాలి. పెద్ద గొంతుతో ప్రసంగం వద్దు. చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చిన కీర్తన ఏదో అడిగి, మెల్లగా పాడితే స్పృహ తప్పుతున్న మనిషి పెదవులు కూడా కదలడం చాలామంది చూసే ఉంటారు. వినికిడి చాలాసేపు ఉంటుందని నర్సులు చెప్తారు, కాబట్టి మంచం పక్కన ఖర్చుల సంగతి, బంధువుల తగాదా మాట్లాడకూడదు. ఐసీయూలో ఐదు నిమిషాలే ఇస్తే పేరు పెట్టి పిలిచి, చేయి పట్టుకుని, ఇరవై మూడో కీర్తన చదివి, బయట ఎవరెవరు కాచుకుని ఉన్నారో పేర్లు చెప్పి రావాలి.

చివరి రోజుల్లో తిండి, నీళ్లు వద్దంటారు. ఆకలితో చంపుతున్నామేమో అని ఇంట్లోవాళ్లు చెంచాతో నోట్లో పోస్తారు, అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. శరీరం ఆగిపోతోంది కాబట్టే ఆకలి ఆగిందని, తడి బట్టతో పెదవులు తడిపితే చాలని డాక్టర్‌ను అడిగి, కుటుంబానికి వివరించగలిగే పాస్టర్ ఆ ఇంటికి గొప్ప మేలు చేసినట్టే. గొంతులో గురగుర శబ్దం వస్తే అది ఎక్కువగా చూసేవాళ్లనే భయపెడుతుందని కూడా చెప్పాలి.

సేవ చేసే మనిషిని ఎవరూ అడగరు. పక్క గుడ్డలు మార్చే భార్య నెలల తరబడి పూర్తిగా నిద్రపోలేదు. నలభై మంది వచ్చి ఆమె చేత టీ పెట్టించే ప్రార్థన కూడిక కన్నా, స్త్రీల సమాజం నుంచి రోజుకొకరు రెండు గంటలు కూర్చుని ఆమెను పడుకోనిస్తే అది నిజమైన పరిచర్య.

ఇవన్నీ ఎవరూ నేర్పకుండా రావు. అమెరికాలో ఆంటన్ బోయిసెన్ 1925లో ఒక మానసిక ఆస్పత్రిలో వేదాంత విద్యార్థులకు రోగుల మధ్యే శిక్షణ మొదలుపెట్టారు. మన దగ్గర వేలూరు సీఎంసీ ఆస్పత్రి అలాంటి శిక్షణకు పేరుపొందింది. ట్యాంక్‌బండ్ దిగువన ఆంధ్రా క్రైస్తవ వేదాంత కళాశాల, రామంతాపూర్‌లో సెయింట్ జాన్స్ సెమినరీ ఉన్న నగరం ఇది. కానీ నగరంలోని పాస్టర్లలో చాలామంది ఏ సెమినరీ గడప తొక్కకుండా, ఉద్యోగం చేసుకుంటూ సంఘం నడిపేవాళ్లు. వాళ్లకు వేదాంతం డిగ్రీ అవసరం లేదు. పాలియేటివ్ వార్డులో నర్సు వెంట కొన్ని రోజులు తిరిగితే ఇందులో సగం తెలిసిపోతుంది. సెమినరీలు, ఆస్పత్రులు, పాస్టర్ల సహవాసాలు కలిసి అలాంటి ఏర్పాటు చేయడం అంత పెద్ద పని కాదు.

భూస్థాపన అయిపోయి, ఆదరణ కూడిక కూడా అయ్యాక ఇంటికి వచ్చేవాళ్లు తగ్గిపోతారు. రెండు మూడు నెలలకు కొడుకు నిద్రలేక అడుగుతాడు: "ఆ రోజు వెంటిలేటర్ వద్దన్నాను కదా, తొందరపడ్డానా అయ్యగారూ?" ఆ నిర్ణయం జరిగినప్పుడు పక్కనున్న పాస్టర్‌కే దానికి వివరంగా జవాబు చెప్పడం కుదురుతుంది. అందుకని అలాంటి నిర్ణయం జరిగిన రోజే తారీకు, డాక్టర్ చెప్పిన మాటలు, ఎవరెవరు ఉన్నారో ఆయన తన డైరీలో రాసి పెట్టుకోవాలి, మూడో నెలలో ఆ ఇంటికి తనంతట తానే వెళ్లాలి.